జాలాడి నీళ్ల ద్రాక్ష

గుంతకల్లు రైల్వే స్టేషన్ బయట తోపుడుబండి మీద ద్రాక్ష అమ్ముతున్నాడు ఒకతను. పచ్చగా, పొడుగ్గా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకామె బిడ్డను చంకనేసుకుని వచ్చి, "గింజలుంటాయా?" అని అడిగింది. "ఒక్క గింజ చూపించక్కా, బండి నీకే ఇడ్సిపెట్టి పోతా" అన్నాడతను. ఆమె అరకిలో తీసుకుంది. నేను కూడా కొందామనే ఆగినవాణ్ణి, సంచీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఈ మధ్య అంతే. ద్రాక్ష కనబడితే పక్కకు తిరిగి నడుస్తున్నాను. ముప్ఫై ఏళ్లు తోటల ఆఫీసులో ఉద్యోగం చేసి, ద్రాక్ష పేరు చెప్పుకుని అన్నం తిన్నవాడికి రావలసిన జబ్బు కాదిది. ఒక మనిషి వల్ల వచ్చింది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

ఊళ్లో ఎవరూ ఆయనను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పందిరాయన అనేవాళ్లు. వజ్రకరూరు దగ్గర పల్లె ఆయనది. తొలకరి వాన పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి, చేలల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతుక్కునే నేల అది. ఆయన ఒక్కడే తల పైకెత్తుకుని తిరిగేవాడు. పుట్టిందగ్గర్నుంచి పందిరి కింద బతికినందుకు మెడ అలా నిలిచిపోయిందో ఏమో, నాతో మాట్లాడేటప్పుడు కూడా నా నెత్తిమీద ఏదో గుత్తి వేలాడుతున్నట్టు పైకే చూసేవాడు. కొత్తలో పొగరనుకున్నాను. తర్వాత తెలిసింది, భార్యతో మాట్లాడేటప్పుడూ అంతేనని.

ఆయన ద్రాక్ష తినడం చూడాలి. గింజ ఉమ్మేవాడు కాదు, కరకరా నమిలేవాడు. ఎదుటివాడు ఉమ్మితే అది ఎక్కడ పడిందో చూసి, మాట ఆపకుండానే కాలితో దాని మీదికి మట్టి తోసేవాడు. గింజల్లేని రకం సంగతి ఎత్తితే తిట్టేవాడు కాదు. "దానికి బిడ్డాపాపా లేరు గదప్పా. పాపం, అదేం చేస్తాది" అని జాలిపడేవాడు. ఆ జాలే నాకు మండేది. ఎందుకంటే ఆ గింజల్లేని రకాన్ని ఆ ఊరికి తీసుకెళ్లింది నేనే.

అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ఆ ఊళ్లో ఎనిమిదో తొమ్మిదో ద్రాక్ష తోటలుండేవి. అన్నీ పాత నల్ల ద్రాక్ష. చిన్న కాయ, మందపు తోలు, కాయకు రెండు మూడు గింజలు, తియ్యదనం వెనకాలే నాలుకను పట్టుకునే వగరు. ఎవరు తెచ్చారో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్లు లేరు. బజారులో దానికి గిరాకీ లేదు. పాతది పీకించి కొత్తది నాటించాలని మా పథకం. రైతులు కూడా విసిగిపోయి ఉన్నారు, నెల తిరక్కుండానే తోటలన్నీ పీకేశారు. ఈయన మాత్రం పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని, నా మాటలన్నీ విన్నాడు.

"ఎన్నేండ్లుంటావు సారూ ఈడ?" అని అడిగాడు చివరికి.

"బదిలీ అయ్యేదాకా. మూడేళ్లనుకో."

"ఇది మా నాయన నాటినాడు. మా నాయన పోయినాడు, ఇది ఉండాది. నువ్వూ పోతావు, ఇది ఉంటాది. ఎవురి మాట వినల్ల నేను?"

లేచి వచ్చేశాను. కోపం వచ్చింది, నిజమే. కానీ ఆ తర్వాత చేసిన పని కోపంతో చేసింది కాదు, బద్ధకంతో చేసింది. నెలాఖరుకు ఊరు మొత్తం పూర్తయినట్టు పైకి పంపాలి. ఒక్క తోట మిగిలితే ఊరు మిగిలినట్టే, మళ్లీ వెళ్లాలి, మళ్లీ ఆయన గడ్డం చూస్తూ మాట్లాడాలి. రిజిస్టరులో ఆయన పొలం నంబరు ఎదురుగా 'పాత తోట తొలగించబడినది' అని రాసి సంతకం పెట్టాను. తీగ అక్కడే ఉంది, కాయ అక్కడే ఉంది, కాగితం మీద లేకపోతే ఎవరికేం నష్టం అనుకున్నాను.

నష్టమేమిటో రెండేళ్లకు తెలిసింది. వరసగా వానలు తప్పాయి. బావులు ఎండాయి, బోర్లు గాలి వదిలాయి. పండ్ల తోటల్ని కాపాడడానికి ట్యాంకర్లతో నీళ్లు పోయించడం మొదలుపెట్టారు. రిజిస్టరులో తోట ఉన్నవాళ్లకే ట్యాంకరు. నేను అప్పటికి యాడికి అనే ఊరికి బదిలీ అయ్యాను. ఒకరోజు మధ్యాహ్నం ఈయన అక్కడికి వచ్చాడు, రెండు బస్సులు మారి. తువ్వాలలో కట్టుకొచ్చిన ద్రాక్ష గుత్తి నా బల్ల మీద పెట్టాడు.

"నా తోట లేదంటాండారు సారూ ఆఫీసులో" అన్నాడు. "పీకేసినానంట. పీకేసుంటే ఈ కాయ యాడిది? నువ్వు కండ్లారా చూసినోడివి గదా. వచ్చి ఒక్క మాట చెప్పు, చాలు."

ఆ రాత ఎవరిదో ఆయనకు తెలియదు. గుమాస్తా పొరపాటనుకున్నాడు. నేను వచ్చి తోట ఉందని చెబితే, లేదని రాసిందెవరని అడుగుతారు. పెళ్లయి ఏడాది కాలేదు నాకు, ఉద్యోగం పోతుందని భయం. "నేను మాట్లాడతాలే పెద్దాయనా, నువ్వు పో" అన్నాను. ఆయన దండం పెట్టి పోయాడు. నేను మాట్లాడలేదు. ఆ ఎండాకాలానికి పందిరి మీద తీగలన్నీ కట్టెలైపోయాయని విన్నాను. ఆ మరుసటేడు ఆయన కువైట్ పోయాడని కూడా విన్నాను. ఇంత సిగ్గుమాలిన పని ఇంకోటి చేశానా అని వెతుక్కుంటే, ఇంకోటి కూడా ఉంది. దాని దగ్గరికే వస్తున్నాను.

కరోనాకు ముందు ఏడాది, ఉద్యోగం చివర్లో, నన్ను తిప్పి తిప్పి నేను మొదట పనిచేసిన ఉరవకొండ ఆఫీసుకే వేశారు. చేరిన నాలుగో రోజు గుమ్మంలో ఒక గడ్డం కనబడింది. నెరిసింది, అంతే తేడా. నా నెత్తి పైకి చూస్తూ, "సారూ, నా తోట ఉండాది" అన్నాడు.

ఏ లెక్క అడగడానికి వచ్చాడో అనుకున్నాను. ఆయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయినంత పని చేసి ఊరికి తీసుకెళ్లాడు. ఇంటి పక్కన స్నానాలకూ అంట్లకూ వేసిన బండ, జాలాడి అంటారు మా వైపు. ఆ జాలాడి నీళ్లు పారే చోట తొడంత లావు మొద్దు, దాని నుంచి నాలుగు తీగలు చూరు మీదికి పాకి ఉన్నాయి. తోట ఎండిపోయిన ఏడు ఆయన భార్య ఒక కొమ్మ విరుచుకొచ్చి ఇక్కడ గుచ్చిందట. ఆయన కువైట్‌లో ఉన్న పదేళ్లూ ఆమె స్నానం చేసిన నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు తాగి ఆ కొమ్మ బతికింది.

"బిందె నీళ్లు రెండు రోజులు వాడుకుంటాంటి సారూ" అందామె. "అయినా పొద్దున్నే పోసుకునేది మానలే. నేను పోసుకోకుంటే అది తాగేదెట్ల?"

ఆ తీగకు వాళ్లు వేరే ఎప్పుడూ నీళ్లు పెట్టలేదు, ఎరువు వేయలేదు. ఆ ఇంట్లో మనుషులు మసిలితే అది బతికేది. అంతే దాని సేద్యం.

కువైట్‌లో ఆయన ఒక షావుకారు ఇంట్లో తోటమాలి. ఆ షావుకారుకు ఎండాకాలం గడపడానికి జార్జియా దేశంలో ఇల్లుంది. రెండు ఎండాకాలాలు, మధ్యలో ఒక చలికాలం, ఈయన్ని అక్కడ కాపలా పెట్టారు. ఆ ముచ్చట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ ఒకేలా మొదలుపెట్టేవాడు.

"పక్కింట్లో ఒక ముసలోడప్పా. నాలాంటోడే. గోడవతల ద్రాక్ష ఉండాదని చూసి నేను పోయి కాయ నోట్లో ఏసుకుంటి. గింజ. నమిల్తి. వాడు నన్నే చూస్తాండాడు. వాడూ ఒకటి ఏసుకుని నమిలినాడు. ఇంక అయిపోయ, ఆ పొద్దు నుంచి నేను ఆ ఇంట్లో మనిషినే."

"ఏ భాషలో మాట్లాడుకునేవాళ్లు?"

"వాని భాష నాకు రాదు. నా భాష వానికి రాదు. ద్రాక్షకి రెండూ రావు. ఇంకేం కావాల?"

ఆ ముసలాయన ఊళ్లోనూ అందరూ ఒకప్పుడు పాత రకాలు పీకేసి, పైవాళ్లు చెప్పిన రకం నాటారట. ఆయన ఒక్కడు మూడు తీగలు దాచుకున్నాడు. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆయన దగ్గర కొమ్మలు అడిగి తీసుకుపోతున్నారట. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఈయన తల దించి నా కళ్లలోకి చూసేవాడు. నేను పందిరి వైపు చూసేవాణ్ణి.

అక్కడి పద్ధతి ఆయనను పట్టేసింది. మనిషి దిగేంత మట్టి బానను మెడదాకా నేలలో పాతి పెడతారు. లోపల తేనెమైనం పూస్తారు. కాయను తొక్కి, రసం, తోలు, గింజ, కాడ అన్నీ కలిపి దాంట్లో పోసి, పొంగు ఆగేదాకా కట్టెతో తిప్పి, పైన రాయి పెట్టి బంకమట్టితో మూసేస్తారు. ఆరు నెలలు దాని జోలికి పోరు. "నేలే కాస్తాది దాన్ని" అనేవాడు. "మన పాతర్లలో జొన్నలు ఎట్ల పెట్టుకుంటాంటిమి? అట్లనే. మనకూ వచ్చిన పనే గదా, మర్సిపోతిమి."

అక్కడి నుంచి ఆయన తెచ్చుకున్నది ఒకే ఒక వస్తువు. తీగలు కత్తిరించే కొక్కెం కత్తి, ఆ ముసలాయన ఇచ్చింది. నడుముకు కట్టుకుని తిరిగేవాడు. బస్సులో పోలీసాయన అడిగితే, "ఇది ద్రాక్షకి మంగలి కత్తి" అన్నాడట.

సరే, నేను ఉరవకొండ వచ్చిన మొదటేడు బాన పాతాడు. అంత పెద్ద బాన చేయమంటే కుమ్మరాయన, "ఎవురికప్పా, ఊరి పెండ్లికా?" అని నవ్వాడట. గొయ్యి తవ్వుతుంటే ఊరు ఊరంతా మూగింది. వజ్రకరూరు పక్కన మనిషి లోతుగా తవ్వుతున్నాడంటే దానికి ఒకటే అర్థం. ద్రాక్ష రసం కోసమని చెబితే ఎవరూ నమ్మలేదు. వారం రోజులు ఆయన తవ్విన మట్టిని జల్లెడ పట్టుకుని పోయారు. "మంచిదే, గడ్డలు లేకుండా అయ్యింది మన్ను" అన్నాడాయన.

కానీ ఒక తప్పు చేశాడు. తీగకు దగ్గరగా ఉండాలని, ఇంటి పక్క నల్లరేగడిలో పాతాడు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిచ్చి కాళ్లు ఇరుక్కునేంత పగుళ్లు వేస్తుందని ఆ ఊళ్లో పాకే బిడ్డకు కూడా తెలుసు. ఆయనకు తెలియదా? జార్జియాలో చూసిన బానే కళ్లముందు ఆడుతూ ఉంటే కాళ్లకింద నేల మరిచిపోయాడు. వైశాఖంలో నేల చీలింది, దాంతోపాటు బానా చీలింది. రసమంతా భూమి తాగేసింది. ఆ రోజు నేను వెళ్లేసరికి గొయ్యి అంచున కూర్చుని పెంకులు ఒక్కొక్కటీ తీసి పక్కన పేరుస్తున్నాడు. "ఆ ముసలోడు చూసింటే నవ్వుండు సారూ" అన్నాడు. చాలాసేపు నా వైపు చూడలేదు, పైకీ చూడలేదు.

మరుసటేడు ఇంటి వెనక ఎర్ర గరుసు దిబ్బలో పాతాడు. బాన నిలిచింది, రసం మరీ పులిసి వెనిగరులా కాడి అయింది. భార్య దాంతో వంకాయ పులుసు చేసింది. బాగుందని నేను అన్నందుకు ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పై ఏడు వైను కుదిరింది. మూత తీసే రోజు ఫోన్ చేసి పిలిచాడు.

"ఇది చట్ట ప్రకారం చేయకూడదు పెద్దాయనా" అన్నాను, అలవాటు కొద్దీ.

"పట్టుకుంటే నీ పేరే చెప్తాలే" అన్నాడు.

స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోశాడు. చిక్కటి ఎర్రటి రంగు, నాలుకను పట్టుకునే ఆ పాత వగరు, దాని వెనక మట్టి వాసన. తాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. మొదటి గ్లాసు చనిపోయినవాళ్ల పేరు చెప్పి తాగాలట. అక్కడ ముసలాయన అట్లాగే చేసేవాడట. ఈయన వాళ్ల నాయన పేరు చెప్పాడు. తర్వాత కాస్త ఆలోచించి, "ఆ ముసలోడు ఉండాడో లేడో తెలీదు. ఉంటే తప్పయిపోతాది, వాని పేరు వద్దు" అన్నాడు. ఒక్క గ్లాసు తాగి బాన మూసేశాడు. అంతకు మించి తాగగా ఎప్పుడూ చూడలేదు.

ఆయన అడిగింది తాగడం గురించి కాదు, తీగ గురించి. ఒక్క మొద్దు మీద ఒక్క ప్రాణం వేలాడుతోంది. ఇది పోతే ఆ రకం పోయినట్టే. పది ఇళ్లలో పది కొమ్మలుండాలి. కొక్కెం కత్తితో కొమ్మలు కోసి, తడి గోనెలో చుట్టి, ఊళ్లో పది జాలాడ్ల దగ్గర తనే గుచ్చి వచ్చాడు. రోజూ పొద్దున ఒక చుట్టు తిరిగి చూసుకునేవాడు. ఒకదాన్ని మేకలు తిన్నాయి. రెండు సిమెంటు రోడ్డు కింద పోయాయి. ఒక ఇంటివాళ్లు స్నానాల గది కట్టుకుని నీళ్లకు పైపు వేశారు, అక్కడిది ఎండిపోయింది. కొన్ని ఊరికే పోయాయి. ప్రతి రెండు నెలలకూ ఫోన్‌లో, "ఇంకొకటి పోయ సారూ" అనేవాడు. గొంతులో కోపం ఉండేది కాదు, నీరసం ఉండేది. అంత పెద్ద మనిషి అలా నీరసపడితే నాకు తోచేది కాదు.

నేను రిటైరై గుంతకల్లులో ఇల్లు కట్టుకున్నాక, ఒక కొమ్మ నాకూ తెచ్చి ఇచ్చాడు. నా చేతిలో పెట్టే ముందు కాసేపు పట్టుకునే ఉన్నాడు.

"ముద్దు చేయద్దు సారూ దీన్ని" అన్నాడు. "మందులు, పిండి ఎరువులు ఏం ఏయొద్దు. ఇంట్లో అంట్ల నీళ్లు పోయ్. నువ్వు సదువుకున్నోడివి, అదే నా భయం."

నవ్వాను. గేటు పక్కన గుంత తీయించి, చదివిన చదువంతా ఆ గుంతలో పోశాను. అడుగున ఎరువు, వేరు పురుగుకు మందు, రోజుకు రెండుసార్లు మంచినీళ్లు. నలభై రోజుల్లో నాలుగు ఆకులు వేసి, ఆ తర్వాత వారంలో కుళ్లిపోయింది. లాగితే చేతిలోకి వచ్చింది.

అప్పుడే ఫోన్ చేసి ఇంకో కొమ్మ ఇవ్వమని అడిగి ఉండవచ్చు. ఇచ్చేవాడు, నాలుగు ఎగతాళి మాటలు అని ఇచ్చేవాడు. రెండు రోజులాగి చేద్దామనుకున్నాను. ఈలోగా ఆయనే చేశాడు. "ఉండాదా సారూ?" అన్నాడు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో ఎలా చెప్పను. ఆ వారమే ఊళ్లో పదింటిలో చివరిది పోయింది.

"ఉంది పెద్దాయనా" అన్నాను. "చిగురు వేసింది."

అప్పుడు బతికున్న తీగను లేదని రాశాను. ఇప్పుడు చచ్చిన తీగను ఉందని చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు. వారం వారం ఫోన్, "ఉండాదా సారూ?", "ఉంది". పందిరి వేశానన్నాను. గేటు ఎక్కిందన్నాను. చూడ్డానికి వస్తానంటే ఏదో సాకు చెప్పాను. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేక ఆయనా ఆగిపోయాడు. గేటు పక్క ఖాళీ గుంత చూస్తూ ఫోన్‌లో అబద్ధం ఆడడం అలవాటైపోయింది.

నిరుడు ఎండల్లో ఆయనకు కడుపులో నొప్పి వచ్చింది. బళ్లారిలో కూతురి ఇంటి దగ్గర ఆసుపత్రిలో చేర్చారు. భార్య కూడా వెంట వెళ్లింది. రెండు నెలలు అక్కడే ఉన్నారు. చూడ్డానికి వెళ్లాలనుకుంటూనే ఉన్నాను, ఎదురుగా కూర్చుని "ఉండాదా" అంటే ఏం చెప్పాలో తెలియక వెళ్లలేదు. తొలకరికి ముందు పోయాడు. ఊరికి తెచ్చి మట్టి చేశారు. ఆ రోజు వెళ్లి, జనంలో వెనకాల నిలబడి వచ్చేశాను.

కర్మలు అయ్యాక ఆమె ఫోన్ చేసింది.

"బాన మూత తియ్యల్ల సారూ. ఈ ఏటిది అట్లనే ఉండాది. నువ్వు రావల్ల. వచ్చేటప్పుడు ఒక కొమ్మ కోసుకొని రా."

"కొమ్మా?"

"ఈడిది ఎండిపోయ సారూ. రెన్నెల్లు మేము లేకపోతిమి గదా, జాలాడి కాడ నీళ్లు పోసుకునేవోళ్లు ఎవురు? ఆసుపత్రిలో ఉన్నప్పుడే నేను అంటి, ఎవురికన్నా ఫోన్ చేసి రెండు బిందెలు పోయమందామని. ఆయనే వద్దన్నాడు. ఊరోళ్లని ఏంటికి అడుక్కునేది, సారు కాడ ఉండాది, ఇడ్సిపెట్టు అన్నాడు. ఆ ధైర్యంతోనే పోయినాడు."

వస్తానని ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగితే, ఏమీ లేదన్నాను.

మరునాడు బస్సెక్కాను, ఉత్త చేతులతో. దారిపొడవునా చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు వంగి నడుస్తున్నారు. ఆమె గుమ్మంలో నిలబడి ముందు నా చేతులు చూసింది, తర్వాత ముఖం చూసింది. జాలాడి దగ్గర మొద్దు బూడిద రంగుకు తిరిగి ఉంది. గోటితో గీరి చూశాను, లోపల పచ్చదనం లేదు.

అక్కడే నిలబడి అంతా చెప్పాను. గేటు పక్క గుంత సంగతి, ఫోన్‌లో చెప్పిన చిగుళ్ల సంగతి. చెప్పడం మొదలుపెట్టాక రిజిస్టరు సంగతి కూడా చెప్పాను. ట్యాంకరు రాకపోవడం నా రాత వల్లేనని, యాడికికి వచ్చినప్పుడు పంపేసింది ఆ భయంతోనేనని. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కొంగుతో ముఖం తుడుచుకుని, జాలాడి బండ మీద కూర్చుంది.

"పదేండ్లు ఒక్కదాన్నే ఉంటి సారూ ఈ ఇంట్లో" అంది.

చివరికి తనే లేచింది. "రా, మూత తీద్దాం. ఆయన చేసి పెట్టిన పని, అది చేద్దాం" అంది.

దిబ్బ మీద మట్టి తవ్వి, రాయి పక్కకు జరిపాం. ఆ పాత వగరు వాసన ముఖానికి కొట్టింది. గరిటెతో గ్లాసులో పోసి నా చేతికిచ్చింది.

"పేరు చెప్పి తాగల్ల గదా. నా నోటితో ఆయన పేరు పలకగూడదు. నువ్వే చెప్పు."

అంత జరిగినాక కూడా ఆ పని నాకే ఇచ్చింది. పందిరాయన అని కాదు, రిజిస్టరులో నేను నా చేతితో రాసిన ఆ పేరు, ఇంటిపేరుతో సహా, పైకి చెప్పాను. తాగాను.

బాన అడుగున తోళ్లు, కాడలు, గింజలు గసిలా పేరుకుని ఉన్నాయి. ఆమె చేతులు ముంచి ఒక పిడికెడు తీసి, నీళ్లలో కడిగి, గింజలు ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"ఇయ్యి మొలుస్తాయా సారూ?"

ద్రాక్ష గింజ నుంచి తల్లి తీగ రాదు. వచ్చేది ఇంకేదో వస్తుంది. అదీ రావాలంటే ఇన్ని నెలలు ఆ రసంలో నానిన గింజకు జీవం మిగిలి ఉండాలి. ఉద్యోగంలో ఉండగా నేను ఇతరులకు చెప్పిన పాఠమే అది. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"మొలుస్తాయని చెప్పలేనమ్మా" అన్నాను. "మొలిచినా అది ఇది కాదు. దీని బిడ్డ."

"బిడ్డయితే ఏమి" అంది. పగిలిన ప్లాస్టిక్ బిందెలో గరుసు మన్ను పోసి, గింజలు నాటి, జాలాడి పక్కన ఎండిన మొద్దుకు ఆనించి పెట్టింది.

అప్పటి నుంచి వారం వారం నేనే ఫోన్ చేస్తున్నాను. ఏడు నెలలు దాటింది. ఈ రోజు స్టేషన్ దగ్గర్నుంచి వచ్చాక కూడా చేశాను. ఆమె ఎత్తగానే, "ఉందా అమ్మా?" అన్నాను.

"రాలే సారూ" అంది. "నీళ్లు పోస్తాండా."